కొండకీ హైవేకీ ఒకే టైరా?

టైర్ల షాపుల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. ఒక బొలేరోనో, థారో వచ్చి ఆగుతుంది. అందులోంచి నాన్న, ఆయన వెనకే డిగ్రీ చదువుతున్న కొడుకు దిగుతారు. బండి 45 వేల కిలోమీటర్లు తిరిగింది, టైర్లు అరిగిపోయాయి. నాన్న కళ్లు ధరల మీద ఉంటాయి. కొడుకు కళ్లు గోడకి వేలాడుతున్న, పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలున్న టైరు మీద ఉంటాయి. ‘‘నాన్నా, అదే వేయిద్దాం. డిసెంబర్లో వంజంగి వెళ్దామన్నావుగా!’’ అంటాడు. షాపతనూ ఊరుకోడు. ‘‘బాబు కరెక్టుగా చెప్పాడు సార్. ఈ టైరు వేస్తే బండికి ఎక్కడా అడ్డుండదు’’ అని వత్తాసు పలుకుతాడు. బండిలో కూర్చున్న అమ్మ మాత్రం అద్దం దించి, ‘‘వానలో బ్రేకు వేస్తే ఆగుతుందా అది?’’ అని అడుగుతుంది.

అక్కడున్న నలుగురిలో అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆవిడే!

ఎంత పెద్ద బండయినా రోడ్డును తాకేది నాలుగే నాలుగు చోట్ల. ఒక్కో చోటా తాకేది ఇంచుమించు అరచేయంత మేర. ఏడుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, టాపు మీద బ్యాగులు... ఇంత బరువునూ మలుపులో పట్టి ఉంచేదీ, కుక్క అడ్డం వస్తే ఆపేదీ ఆ నాలుగు అరచేతులే. సీటు కవర్ల రంగు గురించి వారం రోజులు చర్చించుకునే ఇళ్లలో కూడా టైర్ల సంగతి పది నిమిషాల్లో, అదీ అమ్మేవాడి మాట మీద తేలిపోతుంటుంది.

ఎస్‌యూవీలకి వేసే టైర్లు ముఖ్యంగా మూడు రకాలు. పక్కన హెచ్/టీ అని ఉంటే హైవే టైరు. దాని దిమ్మలు దగ్గర దగ్గరగా, గాళ్లు సన్నగా ఉంటాయి. తారు రోడ్డు మీద చప్పుడు చేయదు, మెత్తగా పోతుంది. ఎం/టీ అంటే మడ్ టెరైన్... బురద టైరు. కొడుకు మనసు పడింది దీనిమీదే. దిమ్మలు ఎత్తుగా, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. బురదలో దిగినప్పుడు దిమ్మలు మట్టిని తవ్వి పట్టుకుంటాయి, చక్రం తిరిగినప్పుడల్లా మధ్యలో ఇరుక్కున్న మట్టిని బయటికి విసిరేస్తాయి. ఈ రెంటికీ మధ్యలో ఉండేది ఏ/టీ, అంటే ఆల్ టెరైన్. అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీ 1976లో జీపులు, పికప్ ట్రక్కుల కోసం ఆల్ టెరైన్ రేడియల్ టైరును తెచ్చింది. వారమంతా రోడ్డు మీద తిరిగి, సెలవు రోజున ఎడారి దారి పట్టేవాళ్లకి మరో జత టైర్లు కొనే పని తప్పించడమే దాని ఉద్దేశం. ఇప్పుడు మన దగ్గర దొరికే ఏ/టీ టైర్లన్నీ ఆ బాటలో వచ్చినవే.

ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. చాలా కంపెనీలు ఒకే పేరుతో రెండు మూడు రకాలు అమ్ముతాయి. అపోలోవాళ్ల ఆప్టెరాలో హెచ్‌టీ, ఏటీ ఉన్నాయి. యొకొహామా జియోలాండర్‌లో అయితే మూడు రకాలూ ఉన్నాయి. కాబట్టి ‘మా బావగారు ఫలానా టైరు వేయించారు, బ్రహ్మాండంగా ఉంది’ అన్న మాట పట్టుకుని షాపుకెళ్తే సరిపోదు. బావగారి టైరు పేరు పక్కన ఏ అక్షరాలున్నాయో కూడా కనుక్కోవాలి.

అమ్మ ప్రశ్నకి జవాబు

ఎం/టీ టైరును చూసినవాళ్లెవరికైనా ‘అంతేసి గాళ్లున్నాయి కదా, వాన నీళ్లన్నీ సులువుగా బయటికి పోతాయి, ఇంకేం భయం’ అనిపిస్తుంది. నీళ్లు పోయే మాట నిజమే. కానీ గాళ్లు పెద్దవయ్యేకొద్దీ రోడ్డును అంటుకునే రబ్బరు తగ్గిపోతుంది. పైగా ఎత్తుగా ఉన్న దిమ్మలు బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు రబ్బరు చెప్పు మడమలా వంగుతాయి. హైవే టైర్ల దిమ్మల మీద బ్లేడుతో కోసినట్టుగా సన్నని గీతలు ఎన్నో ఉంటాయి. తడిరోడ్డు మీదున్న పల్చటి నీటిపొరను చీల్చి రబ్బరును రోడ్డుకి అంటించేది ఈ గీతలే. బురద టైరులో అవి తక్కువ. అందుకే తొలకరి జల్లు పడి, రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడుబండలా మారిన హైవే మీద ఎం/టీ వేసిన బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. దిమ్మల మధ్య గాలి ఇరుక్కుని వచ్చే హోరు దీనికి అదనం. టైరు బరువెక్కువ కాబట్టి డీజిలూ ఎక్కువే తాగుతుంది.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు ముందుకెళ్తుంది. ‘అయ్యో’ అనేలోపే అంత దూరం పోతుంది. అదే పాడేరు దాటాక రాళ్లబాటలో అయితే బండి వేగం పది, పదిహేను. అక్కడ టైరు తిరుగుతూనే ఉండి బండి కదలకపోతే దిగి చూసుకోవచ్చు, చక్రం కింద రాయి పెట్టుకోవచ్చు, నలుగురూ కలిసి నెట్టుకోవచ్చు, అదీ కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. మామూలుగా కొండదారిలో టైరు పట్టు తప్పితే బండి ఆగిపోతుంది. హైవే మీద తప్పితే బండి ఆగదు. టైరును ఎంచుకోవాల్సింది మనం వెళ్లే అన్నింటికంటే చెడ్డ రోడ్డును చూసి కాదు, అన్నింటికంటే వేగంగా వెళ్లే రోడ్డును చూసి.

ఇది ఇంట్లోనే తేల్చుకోగల లెక్క. ఓ తెల్లకాగితం తీసుకుని గడిచిన ఏడాదిలో బండి వెళ్లిన ఊళ్లన్నీ రాయాలి. విశాఖలో ఉండే కుటుంబం సంగతే చూద్దాం. పాడేరుకి సుమారు 110 కిలోమీటర్లు. రానూపోనూ 220. ఇదంతా తారు రోడ్డే, ఘాట్ రోడ్డుతో సహా. మట్టిదారి వచ్చేది ఆఖరి కొద్ది కిలోమీటర్లే. అలాంటి ప్రయాణాలు ఏడాదికి రెండో మూడో. మిగతా రోజులన్నీ బీచ్ రోడ్డు, ఆఫీసు, బడి, నెలకోసారి రాజమండ్రిలో అమ్మమ్మ ఇల్లు. ఈ కాగితం మీద మట్టిదారి వాటా ఎంతో చూసుకుంటే, కొడుకు కూడా కాస్త నెమ్మదిస్తాడు. ఇలాంటి ఇంటికి మంచి హెచ్/టీ చాలు. బండికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి, రాళ్లదారుల మీద నిజంగా మోజుంటే రోడ్డువైపు మొగ్గిన ఏ/టీ వేయించుకోవచ్చు. ఏ/టీల్లోనూ రెండు జాతులు ఉంటాయి. దిమ్మలు దగ్గరగా ఉండి, సన్నగీతలు బాగా ఉన్నవి రోడ్డు పక్షం. దిమ్మలు ఎడంగా ఉన్నవి బురద పక్షం. షాపులో రెంటినీ పక్కపక్కన పెట్టించుకుని చూస్తే తేడా కంటికే తెలుస్తుంది.

అయితే అందరి కాగితమూ ఒకలా ఉండదు. అరకులోయ చుట్టుపక్కల కాఫీ తోటలున్నవాళ్లు, అడవిలో ఉద్యోగం చేసేవాళ్లు, రోజూ కంకర క్వారీకి వెళ్లొచ్చేవాళ్లు... వీళ్లకి ఏ/టీ సోకు కాదు, అవసరం. ఎందుకంటే రాళ్లదారిలో టైరు ఎక్కువగా దెబ్బతినేది నేలను తాకే చోట కాదు, పక్కభాగంలో. మొనదేలిన రాయి అక్కడ కోసిందంటే పంక్చర్ షాపతను కూడా చేతులెత్తేస్తాడు. పక్కభాగం తెగిన టైరుకి అతుకు వేయకూడదు, మార్చాల్సిందే. చాలా ఏ/టీల్లో ఆ భాగాన్ని దిట్టంగా చేస్తారు. హైవే టైర్లలో అది పల్చగా ఉంటుంది.

నల్లరేగడి నేలలవాళ్ల సంగతి ఇంకో రకం. ఆదిలాబాద్‌లోనో, కర్నూలు వైపో వానలో పొలం దారి పట్టినవాళ్లకి తెలుసు... రేగడి మట్టి ఒక్కసారి టైరును చుట్టుకుందంటే దిమ్మలూ గాళ్లూ అన్నీ పూడిపోయి, టైరు నున్నటి గుండులా తయారవుతుంది. అప్పుడు ఏ టైరైనా ఒకటే. అక్కడ పనికొచ్చేది పక్క చేనులోని ట్రాక్టరు, ఓ గట్టి తాడు.

మరో మాట కూడా చెప్పుకోవాలి. కొండదారిలో బండి ఆగిపోతుందన్నది ఎక్కేటప్పటి మాట. తడిసిన ఎర్రమట్టి వాలు మీద దిగేటప్పుడు అలా ఉండదు. బండి జారడం మొదలుపెడితే ఒకపక్క లోయ ఉంటుంది. అక్కడ ఏ/టీ కాస్త మేలే కానీ, అదే కాపాడుతుందని పిల్లల్ని ఎక్కించుకుని దిగడం మాత్రం దుస్సాహసం. వానపడిన రోజున బండిని తారు రోడ్డు పక్కన ఆపేసి, ఆ దారి కొట్టినపిండిగా తెలిసిన స్థానికుల జీపు మాట్లాడుకోవడం చిన్నతనమేమీ కాదు.

టైరు మీది రాత

టైరు పక్కన అచ్చయి ఉండే అంకెలు బ్యాంకు పాస్‌బుక్కంత ముఖ్యం. 215/75 ఆర్15 100ఎస్ అని ఉందనుకుందాం. 215 మిల్లీమీటర్లు టైరు వెడల్పు. అందులో 75 శాతం పక్కభాగం ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 15 అంగుళాలు రిమ్ము. చివరి రెండింటినీ ఎవరూ పట్టించుకోరు కానీ, ఇంటిల్లిపాదీ బండెక్కే ఇళ్లకి అసలు కావాల్సినవి అవే. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోల దాకా మోయగలదని. అదే 104 ఉంటే 900 కిలోలు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకుంటుందని, టీ ఉంటే 190, హెచ్ ఉంటే 210, క్యూ ఉంటే 160. అంత వేగంగా ఎవరు వెళ్తారని అడగొచ్చు. వెళ్లమని కాదు... ఎండకీ, బరువుకీ, వేగానికీ పుట్టే వేడిని ఆ టైరు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే గుర్తది. బండితోపాటు వచ్చిన టైరు మీద ఈ రెండూ ఎంతున్నాయో, కొత్తదాని మీద అంతకు తగ్గకుండా చూసుకోవాలి.

ఇంకో నాలుగంకెల సంఖ్య చిన్న గడిలో ఉంటుంది. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. షాపులో తక్కువకి ఇస్తానంటున్నాడంటే ముందు ఆ గడి చూడాలి. ఎం+ఎస్ అని మరో గుర్తు కనిపిస్తుంది. మడ్ అండ్ స్నో అన్నమాట. దాన్ని చూసి బురదలో దూసుకెళ్తుందని మురిసిపోనక్కర్లేదు. దిమ్మల ఆకారాన్ని బట్టి కంపెనీయే వేసుకునే గుర్తది. డెన్వర్ లాంటి మంచు ఊళ్లలో ఉన్న మన పిల్లలు మాత్రం, మూడు శిఖరాల కొండ మధ్యలో మంచుపువ్వు బొమ్మ ఉందో లేదో చూసుకోవాలి. అది పరీక్ష పాసైతేనే వేస్తారు. మనకి ఆ అవసరం లంబసింగి చలిలో కూడా రాదు.

టైర్ల విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు సైజు పెంచడం. 215/75 ఉన్న చోట 235/75 వేయిస్తే బండి గంభీరంగా కనిపిస్తుంది, సందేహం లేదు. లెక్క చూస్తే... చక్రం మొత్తం ఎత్తు 703 మిల్లీమీటర్ల నుంచి 733కి పెరుగుతుంది. బండి లేచేది అందులో సగం, అంటే ఒకటిన్నర సెంటీమీటర్లు. ఆ ఒకటిన్నర సెంటీమీటర్ల కోసం మీటరు తప్పు చెప్పడం మొదలుపెడుతుంది. ముల్లు 80 చూపిస్తున్నప్పుడు బండి, పాత సైజుతో పోలిస్తే, నిజానికి 83 దాటి ఉంటుంది. పికప్ తగ్గుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల ఎక్కడో రాసుకుంటుంది. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లు పేచీ పెట్టొచ్చు కూడా. దీనికి తిరగేసిన పొరపాటు మరొకటి... పెద్ద అల్లాయ్ రిమ్ములు వేసి సన్నటి టైరు తొడగడం. పెళ్లి ఊరేగింపులో బాగుంటుంది కానీ గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచుకోవడానికి రబ్బరే ఉండదు, రిమ్ము వంగుతుంది.

రెండు పాయింట్లు తక్కువ కొట్టు!

ఎంత మంచి ఏ/టీ వేయించినా దాన్ని కొండకొకలా, హైవేకొకలా పనిచేయించేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. బండి నడిపేవైపు తలుపు తీస్తే లోపలి అంచున చిన్న స్టిక్కరు ఉంటుంది. ఎందరు ఎక్కితే ఎన్ని పాయింట్లు కొట్టించాలో అందులో రాసి ఉంటుంది. హైవే మీద అదే వేదం. రాళ్లదారిలో మాత్రం కాస్త తగ్గిస్తే టైరు మెత్తబడి, రాయిని గుద్దుకోకుండా దాని మీద పరుచుకుంటుంది. రోడ్డు మీద 32 పాయింట్లు పెట్టేవాళ్లు రాళ్లబాటలో 25 దాకా, వాగు ఇసుకలో 18 దాకా దించుతారు. మామూలు హైవే టైరు కూడా గాలి తగ్గిస్తే ఇసుకలో ఆశ్చర్యంగా బయటపడుతుంది. పెద్ద దిమ్మల టైరు గాలి తగ్గించకపోతే అదే ఇసుకలో గొయ్యి తవ్వుకుని కూర్చుంటుంది. అయితే గాలి తగ్గించి ఉన్నంతసేపూ వేగం 20, 30 దాటకూడదు.

అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలో ఉంది. సాయంత్రమైంది, అందరూ అలసిపోయారు, పిల్లలు వెనక సీట్లో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. కొండ దిగగానే తారు రోడ్డు, ఆ తర్వాత 16వ నంబరు జాతీయ రహదారి. పొద్దున తీసేసిన గాలి సంగతి ఎవరికీ గుర్తుండదు. 22 పాయింట్లతో, నిండు బరువుతో, 100 కిలోమీటర్ల వేగంతో... టైరు పక్కభాగం నిమిషానికి కొన్ని వందల సార్లు మడతపడి లేస్తుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కినట్టే అదీ వేడెక్కుతుంది. పొరలు విడిపోతాయి. తర్వాత పెద్ద చప్పుడు! మర్నాడు పేపర్లో ‘టైరు పేలి’ అని వస్తే చదివినవాళ్లు గాలి ఎక్కువై పేలిందనుకుంటారు. చాలాసార్లు కారణం గాలి తక్కువ కావడమే.

అందుకే ఎండాకాలం రాగానే ‘రెండు పాయింట్లు తక్కువ కొట్టు బాబూ’ అనే అలవాటు మంచిది కాదు. బయట 45 డిగ్రీలున్నప్పుడు రోడ్డు అంతకంటే వేడిగా ఉంటుంది. అలాంటి రోజునే టైరుకి పూర్తి గాలి కావాలి. వంద కిలోమీటర్లు నడిపి వచ్చి గేజీ పెడితే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది వేడి వల్ల వచ్చింది. దాన్ని తీసేస్తే, చల్లారాక లోటు పడుతుంది. పొద్దున్నే, బండి తీయకముందు చూసిందే సరైన లెక్క. నైట్రోజన్ కొట్టిస్తే ఈ బాధలేవీ ఉండవనేవాళ్లూ ఉన్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ ఉన్నా లేకపోయినా గేజీ పెట్టడం తప్పదు.

కొండదారి పట్టేవాళ్ల బండిలో మ్యూజిక్ సిస్టమ్ కంటే ముందు ఉండాల్సినవి రెండు. ఓ గేజీ, బండిలోని 12 వోల్టుల సాకెట్‌కి తగిలించుకునే చిన్న గాలిపంపు. తారు రోడ్డు తగలగానే బండి పక్కకి తీసి, నాలుగు చక్రాలకీ తిరిగి గాలి నింపాకే టీ తాగాలి. ఆ పని కొడుక్కి అప్పజెప్పొచ్చు, కుర్రాళ్లకి సరదా కూడా. ఇంత చేసినా టైరు పేలితే బ్రేకు మీద పడిపోకూడదు. స్టీరింగ్‌ని గట్టిగా తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీసి, వేగం దానంతటదే తగ్గనివ్వాలి.

అరుగుదల సంగతీ చూసుకోవాలి. గాళ్ల మధ్యలో అక్కడక్కడా చిన్న మిట్టలుంటాయి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చేసరికి అవి దిమ్మలతో సమానమవుతాయి. అప్పుడిక మార్చి తీరాలి. వానాకాలం మొదలయ్యేనాటికి లోతు 3 మిల్లీమీటర్లకి వచ్చి ఉంటే అప్పుడే మార్చేయడం క్షేమం, తడిరోడ్డు మీద పట్టు చాలా ముందే తగ్గిపోతుంది కాబట్టి. నాగపూర్-ముంబయి సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే మీద ప్రమాదాలు పెరగడంతో 2023లో అరిగిన టైర్లున్న బండ్లను మొదట్లోనే పట్టుకుని వెనక్కి పంపడం మొదలుపెట్టారు. కేంద్ర ప్రభుత్వం కూడా తడిరోడ్డు మీద పట్టు, చప్పుడు వంటివాటికి 2022లో ప్రమాణాలు నిర్ణయించింది.

డబ్బు సరిపోక రెండే మార్చేట్టయితే కొత్తవి వెనక వేయించాలి. ముందు వేయించడం చాలామందికి అలవాటు కానీ, తడిలో వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని సరిదిద్దలేడు. ముందు ఏ/టీ, వెనక హెచ్/టీ లాంటి కలగాపులగం ఎలాగూ వద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో నాలుగూ ఒకే సైజు, ఒకేపాటి అరుగుదల లేకపోతే గేర్ల మీద భారం పడుతుంది.

బిల్లు రాయించే ముందు వెనక్కి వెళ్లి స్టెప్నీని కూడా ఓసారి చూడాలి. 2020లో వచ్చిన నిబంధన ప్రకారం గాలి ఎంతుందో చెప్పే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉంటే కొన్ని బండ్లకి స్టెప్నీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు. సిటీలో తిరిగేవాళ్లకి అది సరిపోవచ్చు. రాయి కోసిన పక్కభాగాన్ని ఆ కిట్టు బాగుచేయలేదు. కొండదారిలో సెల్‌ఫోన్ సిగ్నలూ ఉండదు. స్టెప్నీ మిగతా నాలుగింటి సైజులోనే ఉందా, దాని మీది నాలుగంకెల తేదీ ఏమిటి, అందులో గాలి ఎంతుంది... షాపులో నిలబడే ఈ మూడూ చూసుకుంటే, కొత్త టైర్లు నాలుగు కావాలో ఐదు కావాలో అక్కడికక్కడే తేలిపోతుంది.